పడిన చెట్టును పడి ఉండనివ్వండి

పోలండు చూసివచ్చినవాళ్ళను ఏమేం చూశారని అడగండి. క్రాకో కోట, వియెలిచ్కా ఉప్పుగని, వార్సా పాత బస్తీ అని వరసగా చెబుతారు. అన్నీ చూడదగ్గవే, కాదనను. కాని ఆ దేశానికి తూర్పు అంచున, బెలారస్ సరిహద్దుకు దగ్గరగా హైనూవ్కా అనే చిన్న పట్టణం ఒకటుంది. జనాభా ఇరవై వేలకు అటూ ఇటూగా ఉంటుంది. పోలండులో ఏదో ఒక్క ఊరి చుట్టుపక్కల చూసేందుకే వ్యవధి ఉన్నవాళ్ళు ఆ ఊరికి వెళ్ళాలని నా అభిప్రాయం. వెళ్ళనివాడు సలహా ఇవ్వడమేమిటని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. జీవశాస్త్రం చదివే వాడెవడికైనా ఆ ఊరి పక్కనున్న అడవి పేరు పుస్తకాల్లో తగలక మానదు. చదివిన కొద్దీ నాకు కలిగిన అభిప్రాయాలు ఇక్కడ రాస్తున్నాను. చదువుకో ఉద్యోగానికో యూరపులో ఉన్న మన పూర్వ విద్యార్థులకు ఎప్పుడైనా అక్కరకు రావచ్చు.

ఆ అడవి పేరు బియావోవియెజా. సుమారు 1500 చదరపు కిలోమీటర్లు. అందులో ఐదింట రెండు వంతులు పోలండుది, మిగిలింది బెలారస్‌ది. ఒకప్పుడు యూరపు మైదానాలన్నీ ఇలాంటి అడవే. నాగలి, గొడ్డలి, రంపం కలిసి దాన్ని తినేయగా, పల్లపు నేలల్లో మిగిలిన ముక్కల్లో ఇంత పెద్దదీ, ఇంతగా చెడనిదీ మరొకటి లేదు. హైనూవ్కా దానికి వాకిలి. అడవి నడిమధ్య బియావోవియెజా అనే పల్లె కూడా ఉంది. హైనూవ్కా నుంచి తూర్పుగా ఇరవై కిలోమీటర్ల దారి.

నా తగువల్లా యాత్రికులు చూసే వరసతోనే. ఎక్కువమంది పొద్దున వస్తారు, రాజప్రాసాదం తోట చూస్తారు, కంచె లోపల ఉన్న బైసన్లకు ఫోటోలు తీస్తారు, సాయంత్రానికి వెళ్ళిపోతారు. అసలు అడవిలోకి అడుగు పెట్టేవాళ్ళు తక్కువ. పెళ్ళికి వెళ్ళి విడిదింట్లోనే భోంచేసి వచ్చినట్టుంటుంది ఈ వ్యవహారం!

రాజప్రాసాదం సంగతి ముందు చెబుతాను. రష్యా చక్రవర్తి మూడవ అలెగ్జాండరు 1889-1894 మధ్య వేట కోసం ఇక్కడ పెద్ద ప్రాసాదం కట్టించాడు. 1944లో వెనుదిరుగుతున్న జర్మను సైన్యం దాన్ని తగలబెట్టింది. మిగిలిన గోడలను 1960ల్లో పడగొట్టారు. ఇప్పుడున్నది తోట, సింహద్వారం, ఆ స్థలంలో కట్టిన మ్యూజియం. లేని ప్రాసాదాన్ని చూడ్డానికి ఇంతమంది వెళ్ళడం చిత్రమే. అదే తోటలో చెరువు దగ్గర ఒక రాతి స్తంభం ఉంది. చూడవలసింది దాన్ని. 1752లో మూడవ ఆగస్టస్ రాజు ఒక్కరోజు వేటలో కొట్టించిన జంతువుల లెక్క దాని మీద చెక్కించారు: బైసన్లు 42, మూస్ దుప్పులు 13, చిన్న దుప్పులు 2. మన రాజులు చెరువు తవ్వించామని, దానమిచ్చామని శాసనాలు వేయించారు. ఇదీ ఒక శాసనమే!

అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ వేటగాళ్ళే లేకపోతే అడవీ ఉండేది కాదు. రాజుల వేటకని కేటాయించబట్టే అక్కడ ఊళ్ళు కట్టనివ్వలేదు, పొలాలు కొట్టనివ్వలేదు. కాపలాకు మనుషుల్ని పెట్టారు. 1409 చలికాలంలో యాగియెవో రాజు ఇక్కడ పెద్దఎత్తున వేటాడించి, మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి పీపాలకెత్తించి, మరుసటి ఏడు గ్రున్వాల్డు యుద్ధానికి సైన్యం తిండిగా పంపించాడని చరిత్ర. రాజుల స్వార్థం అడవిని కాపాడింది. తర్వాత వచ్చిన వ్యాపారం దాన్ని నరికింది. 1915లో జర్మన్లు వచ్చీ రాగానే అడవిలోకి చిన్న రైలు పట్టాలు వేశారు, రంపపు మిల్లులు పెట్టారు. 1920ల్లో ఒక ఇంగ్లీషు కలప కంపెనీ వంతు. హైనూవ్కా పట్టణం ఆ రంపపు పొట్టులో పుట్టిందే. అప్పట్లో అక్కడ కట్టెను గాలి తగలకుండా కాల్చి బొగ్గు, మిథైల్ ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లం తీసే కర్మాగారం కూడా ఉండేది. డిస్ట్రక్టివ్ డిస్టిలేషన్ అని మనం కెమిస్ట్రీలో నాలుగు మార్కుల కోసం వల్లెవేసేది అదే. ఆనాటి చిన్న రైలు ఇప్పుడు దుంగలకు బదులు యాత్రికుల్ని ఎక్కించుకుని, తొపివో అనే పల్లె దాకా సుమారు 11 కిలోమీటర్లు అడవిలో నడుస్తుంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు తప్పక ఎక్కాలి.

ఊళ్ళో ఇంకొకటి, పవిత్ర త్రిత్వ చర్చి. ఆర్థడాక్సు క్రైస్తవులది. ఆ ప్రాంతంలో బెలారస్ మూలాలున్న వాళ్ళు చాలామంది, వాళ్ళ మతం అది. 1970ల్లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి కట్టారు. కాంక్రీటు వంపులతో పడవ బోర్లించినట్టు ఉంటుంది. పాత చర్చి నమూనా కాదు. 1982 నుంచి ఆ పట్టణం చర్చి సంగీతోత్సవానికి కూడా పేరు పొందింది.

ఇక అడవి. 1921లో కొంత భాగాన్ని రక్షిత స్థలం చేశారు. 1932లో జాతీయ పార్కు అయింది. 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పార్కు నడిబొడ్డున కఠిన రక్షణలో ఉన్న భాగంలోకి లైసెన్సున్న గైడు లేకుండా పోనివ్వరు. గైడుకు డబ్బు దండుగ అనుకునేవాళ్ళు అక్కడే ఆగిపోతారు. వాళ్ళు పోగొట్టుకునేది ఇంతా అంతా కాదు. నలభై మీటర్ల ఎత్తున ఓక్ చెట్లు, లిండెన్లు, హార్న్‌బీములు, స్ప్రూసులు. వాటి కాళ్ళ దగ్గర అడ్డదిడ్డంగా పడి పుచ్చిపోతున్న దుంగలు. ఒకదాని మీద ఒకటి, నాచు పట్టి, పుట్టగొడుగులు లేచి. మొదటిసారి చూసినవాడికి ఎవరూ పట్టించుకోని పాడుబడ్డ తోటలా ఉంటుందట.

నేను రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి. మా వైపు గాలివానకు చెట్టు పడిందంటే తెల్లారేసరికి నాలుగు గొడ్డళ్ళు తయారు. మొదలు కలపకు, కొమ్మలు పొయ్యిలోకి, ఆకు మేకలకు. పడిన చెట్టును వదిలేయడమంటే మా పెద్దలకు అన్నం పారబోయడంతో సమానం. కాని బియావోవియెజాలో ఆ దుంగే అడవికి అన్నం. కఠిన రక్షణ భాగంలో ఎండుకట్టె హెక్టారుకు 100 ఘనపు మీటర్లకు మించి ఉంటుంది. మనుషులు సాగుచేసే అడవుల్లో అందులో కొద్దిపాటి వంతు కూడా మిగలనివ్వరు. కట్టెలోని లిగ్నిన్‌ను జీర్ణించుకోగలిగింది ముఖ్యంగా కొన్ని శిలీంధ్రాలే. అవి మెత్తబరిచాక పురుగులు తొలుస్తాయి. పురుగుల కోసం వడ్రంగిపిట్టలు. వడ్రంగిపిట్ట వదిలిన తొర్రలో చిన్న గుడ్లగూబ. కుళ్ళిన దుంగ స్పంజిలా నీరు పట్టి ఉంచుతుంది, దాని వీపు మీదే కొత్త స్ప్రూస్ మొలకలు వరసకట్టి లేస్తాయి. రైతుకు చెప్పాలంటే పెంటపోగు చేసే పనే, కాకపోతే ఇక్కడ అది ఒక ఏడాదిలో కాదు, కొన్ని దశాబ్దాల్లో జరుగుతుంది. యాగియెవో పేరు పెట్టిన ఓక్ చెట్టు 1974లో కూలింది. దాన్ని కోసి తరలించలేదు. రాజుగారి పేరున్న చెట్టుకూ అదే నియమం.

ఈ నియమం మీదే పెద్ద రభస జరిగింది. స్ప్రూస్ బెరడు కింద తొలిచే ఒక పెంకుపురుగు ఉంది. ఎండలు ముదిరి, నీరు తగ్గి చెట్టు నీరసిస్తే జిగురు కారదు. పురుగుకు అడ్డులేదు. అడవిలో స్ప్రూసులు వేలాదిగా ఎండిపోయాయి. పురుగు పట్టిన చెట్లను కొట్టేస్తే మిగతావి బతుకుతాయని అటవీ అధికారులు వాదించారు. 2016లో అక్కడి పర్యావరణ మంత్రి ఒక అటవీ డివిజనులో నరికే పరిమితిని మూడింతలు చేశాడు. యంత్రాలు దిగాయి. యూరపు న్యాయస్థానం 2017లో ఆపమన్నది. ఆపకపోతే రోజుకు కనీసం లక్ష యూరోల జరిమానా అని హెచ్చరించింది. 2018 ఏప్రిల్లో ఆ నరకుడు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. పురుగుకు అడవి పాతచుట్టమేనని, ఎండిన స్ప్రూసు స్థానంలో మరో జాతి చెట్టు లేస్తుందని శాస్త్రజ్ఞులు అన్నదే నాకు సబబుగా తోస్తుంది. సాగుచేసిన తోటకు పనికొచ్చే వైద్యం, తనంతట తాను బతికే అడవికి అక్కరలేదు.

అయితే ఇక్కడితో ఆపేస్తే సగం మాటే చెప్పినట్టు. నరకాలన్నవాళ్ళలో అధికారులే కాదు, చుట్టుపక్కల పల్లెవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళను అజ్ఞానులని పట్నాల్లో కూచున్నవాళ్ళు వెక్కిరించడం నాకు నచ్చదు. తాతల నాటి నుంచి అడవి పనే కూడు పెట్టినవాళ్ళు వాళ్ళు. చలికాలానికి పొయ్యిలోకి కట్టె కావాలి. ఇంటిముందు కట్టె కుళ్ళుతుంటే కొనుక్కోమంటే ఎవరికి మండదు? 1996లో పార్కు దాదాపు రెట్టింపయింది. అయినా పోలండు వైపు అడవిలో అది ఆరో వంతే. ఆ తర్వాత ఇంకా పెంచుదామన్న ప్రయత్నాలకు స్థానిక కౌన్సిళ్ళు ఒప్పుకోలేదు. అక్కడి చట్టం ప్రకారం వాళ్ళు ఒప్పుకోందే పెంచడానికి వీల్లేదు. పార్కు పెరగాలి, కఠిన రక్షణ కూడా పెరగాలి. కాని ఆ ఊళ్ళకు దక్కవలసింది ముందు దక్కాలి. ఉపన్యాసాలతో అడవి నిలవదు.

బైసన్ కథ ఇందుకు సాక్ష్యం. పోలిష్ భాషలో దాన్ని జుబ్రు అంటారు. మన అడవిదున్నను కొందరు ఇండియన్ బైసన్ అంటారు గాని అది పొరపాటు, దాని పేరు గౌర్, జాతి వేరు. యుద్ధకాలంలో సైనికులు, దొంగవేటగాళ్ళు కలిసి తినగా ఈ అడవిలో చివరి బైసన్ 1919లో పోయింది. 1927లో కాకసస్ కొండల్లో చివరిదీ చచ్చింది. ఇక ప్రపంచంలో మిగిలినవి జంతు ప్రదర్శనశాలల్లో, జమీందార్ల తోటల్లో యాభైచిల్లర. వాటిలో 12 జంతువుల సంతానమే ఈనాడున్న బైసన్లన్నీ. బియావోవియెజా శాఖకైతే మూలం ఏడే! జెనెటిక్స్ చదివినవాళ్ళకు దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు. ఒకే ఇంట్లో ఇచ్చిపుచ్చుకోవడాలు తరతరాలుగా జరిగినట్టు. అందుకే ప్రతి దూడకూ వంశవృక్షం రాసే పుస్తకం పెట్టారు. 1929లో ఇక్కడ మళ్ళీ పెంపకం మొదలుపెట్టి, 1952లో మొదటివాటిని అడవిలోకి వదిలారు. ఇప్పుడు పోలండు వైపు ఈ అడవిలోనే ఏడు వందలకు పైగా తిరుగుతున్నాయి.

ఏడు వందల పశువులు గట్టు దాటితే ఏమవుతుందో రైతుబిడ్డలకు తెలుసు. మంచు పడ్డాక మంద పొలాల మీదికి వస్తుంది. గోధుమ మొలక, ఆవ మొక్క మిగలవు. ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తుంది. అంతకన్నా తెలివైన పని ఏమిటంటే పల్లెల్లో పచ్చికబయళ్ళు బైసన్ కోసం కాంట్రాక్టుకు తీసుకోవడం, గడ్డి కొని చలికాలం మేతకు వాడడం. అప్పుడు బైసన్ రైతుకు దొంగ కాదు, ఖాతాదారు. కట్టె విషయంలోనూ ఇలాంటి ఉపాయమేదో వెతకవలసింది అధికారులే.

కంచె లోపలి ప్రదర్శన చూడవద్దని నేననను. బైసన్‌కూ ఆవుకూ పుట్టిన జుబ్రోన్ అనే సంకరజాతి అక్కడుంది, దాన్ని ఇంకెక్కడ చూస్తాం? మొదటి తరం మగవి గొడ్డువి. హైనూవ్కా నుంచి బియావోవియెజా పోయే దారికి అవతల శక్తిస్థలమని ఒక చోటు చూపిస్తారు, రాళ్ళు గుండ్రంగా పేర్చి ఉంటాయి, నిలబడితే శక్తి వస్తుందట. పరీక్షల ముందు మన హాస్టలు మిత్రులకు పనికి రావచ్చు. దక్షిణంగా కొంచెం దూరం పోతే గ్రబార్కా కొండ. యాత్రికులు మోసుకొచ్చి పాతిన శిలువలు వేలకొద్దీ, ఆగస్టు 19 పండుగ. ఉత్తరాన నారెవ్ నది దగ్గర త్రెష్చాంకా, సోత్సె, పుఖ్వి పల్లెల్లో కిటికీ తలుపులకు చెక్కిన నగిషీలు, రంగులు. చెట్టు మానులో తొర్ర తొలిచి తేనెటీగల్ని పెంచే పాత విద్య ఒకటి పోలండు, బెలారస్‌లలో మళ్ళీ బతికింది. 2020లో యునెస్కో దాన్నీ గుర్తించింది.

ఒక చేదు విషయం చెప్పక తప్పదు. 2022లో పోలండు తన సరిహద్దు వెంట 186 కిలోమీటర్లు ఐదున్నర మీటర్ల ఎత్తు ఇనుప గోడ కట్టింది. అది ఈ అడవిని నిలువునా చీల్చుకుంటూ పోతుంది. 2021 నుంచి బెలారస్ వైపు నుంచి ఆసియా, ఆఫ్రికా దేశాల మనుషులు ఈ అడవిలోంచి దాటబోయి చలికి చచ్చిపోయారు. లింక్స్, తోడేలు, బైసన్ దాటలేవు. సరిహద్దు పక్క కొన్ని దారులు మూసేస్తుంటారు, వెళ్ళేవాళ్ళు ముందుగా వాకబు చేసుకోవాలి.

వెళ్ళినవాళ్ళు ఒక్కపూటలో తిరిగిరావద్దు. మూడు రోజులు పల్లెలో ఏదో ఒక ఇంట్లో అద్దెకు దిగండి. ఒకరోజు గైడుతో లోపలికి, ఒకరోజు చిన్న రైలు, చర్చి. మూడోరోజు తెల్లవారుజామున, చలికాలమైతే మరీ మంచిది, అడవి అంచున పొలాల దగ్గర నిలబడండి, దూరంగానే. బైసన్లు కనబడినా కనబడకపోయినా, ఆ పొలం ఎవరిదో కనుక్కుని ఆయన్ని పలకరించండి. ఈ ఏడు ఎంత మేసింది, పరిహారం ఎన్నాళ్ళకు చేతికొచ్చింది, గడ్డి ఎంతకు కొన్నారు అని అడగండి.