చెఱలోని అప్పీలు

శిక్ష పడిన ఖైదీకిచ్చు తీర్పు ప్రతికి, ఉచిత న్యాయసహాయముతో పైకోర్టు కేగవచ్చునని తెలుపు ముఖపత్రమును జతపఱచు విషయమును పరిశీలింపుడని 2024 అక్టోబరు 23న సుప్రీంకోర్టు హైకోర్టులకు సూచించుట సమంజసమే. కాని ఆ పత్రము ఏ భాషలో నుండవలెనన్నదే అండమాన్ ద్వీపవాసులమైన మనకు ముఖ్యము. ఖైదీ అర్జీకి కోర్టురుసుము అక్కఱలేదని 1870 నాటి చట్టమే చెప్పుచున్నది. అప్పీలును జైలు అధికారి చేతికిచ్చిన చాలును, దానిని న్యాయస్థానమునకు పంపుట ఆయన విధి. ఉచితముగా న్యాయవాదిని పొందుటకు, 1987 చట్టము ప్రకారము, నిర్బంధితుని ఆదాయముతో నిమిత్తమే లేదు. ఇంత ఔదార్యము నెఱుగక, డెలానీపూరులోని యొక ఖైదీ కూలికుటుంబము, కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచి తన యూరనే కూర్చుండుచున్నను, స్టాంపులకును వకీలుకును అప్పు వెదకుచుండగా, హైకోర్టు అప్పీలుకు సాధారణముగా గల 60 దినముల గడువు జాఱిపోయినచో (ఆలస్యమును మన్నింపుమని వేఱొక అర్జీ, అదియును న్యాయమూర్తి విచక్షణకు లోబడినది!) మాఫీయైన రుసుమువలన నెవరికి లాభము? కావున హైకోర్టు ఆ ముఖపత్రమును తెలుగు, తమిళ, వంగ, హిందీ భాషలలో నిప్పించి, తీర్పు వెలువడిననాడే ఖైదీకి చదివి వినిపింపజేయవలెను. అర్జీ నందుకొన్న జైలు అధికారి తేదీతోగూడిన రసీదు నీయవలెను. న్యాయసేవాసంస్థ వకీలు గడువు తీఱకమున్నే చెఱసాలకు పోవలెను.