మాత్ర చేతికిచ్చి, రక్తపరీక్ష మరిచిపోతే?

క్లోజపైన్ మీద ఏళ్ల తరబడి ఉన్న ఒక కట్టుబాటును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 జూన్‌లో ఎత్తేసింది. రోగి రక్తపరీక్ష వివరాలు ప్రత్యేక నమోదు వ్యవస్థలోకి ఎక్కితేనే మందుల షాపు మాత్ర ఇవ్వాలన్నది ఆ కట్టుబాటు. ఇక పరీక్షలే అక్కర్లేదని ఎఫ్‌డీఏ అనలేదు. క్రమం తప్పకుండా చేయించాలన్న సూచన అలాగే ఉంది. నమోదు తంతు వల్ల మందు అవసరమైనవారికే అందకుండా పోతోందని గుర్తించి, ఆ తంతును మాత్రమే తీసేసింది. ఈ వార్త మన దగ్గర ఎలా చెవిన పడుతుందోనన్నదే నా బెంగ. అక్కడ ఎక్కువైన పట్టు సడలించారు. ఇక్కడ అలాంటి దేశవ్యాప్త నమోదు ఏనాడూ లేదు. డాక్టరు గట్టిగా చెప్పి, ఇంట్లోవాళ్లు తిరగగలిగితే పరీక్ష జరుగుతుంది. లేదంటే మాత్రలు నడుస్తుంటాయి, పరీక్ష ఆగిపోతుంది.

స్కిజోఫ్రేనియాకు వాడే రెండో తరం మందుల్లో క్లోజపైన్ మొట్టమొదటిది. రెండు రకాల మందులు సరైన మోతాదులో, తగినన్ని వారాలు వాడినా చెవిలో గొంతులు ఆగనివారికి, పక్కింటివాళ్లు చంపడానికి చూస్తున్నారన్న భయం తగ్గనివారికి దీనికి సాటి వచ్చే మందు ఇప్పటికీ లేదు. 1988లో జాన్ కేన్ బృందం అమెరికాలో ప్రచురించిన అధ్యయనం ఈ మందు తలరాత మార్చింది. అప్పటికే ఎన్నో మందులు వాడి విఫలమైన 268 మందిని తీసుకుని ఆరు వారాలు చూశారు. క్లోజపైన్ వాడినవారిలో 30 శాతం మంది మెరుగుపడ్డారు. పాత మందు క్లోర్‌ప్రొమజైన్‌తో మెరుగుపడింది 4 శాతమే. స్కిజోఫ్రేనియా రోగుల్లో ఆత్మహత్యా ప్రయత్నాలను తగ్గించేందుకు ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా ఆమోదించిన మందు కూడా ఇదే.

అంత మంచి మందుకు అంత చెడ్డపేరు ఎందుకొచ్చిందంటే 1975లోకి వెళ్లాలి. ఫిన్లాండులో ఈ మందు మొదలుపెట్టిన కొద్ది నెలల్లోనే కొందరిలో తెల్ల రక్తకణాలు ఒక్కసారిగా పడిపోయాయి. ఎనిమిది మంది చనిపోయారు. ఇన్ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్‌ను ఎముక మూలుగ తయారుచేయడం మానేస్తే మామూలు గొంతునొప్పి కూడా ప్రాణం తీస్తుంది. చాలా దేశాల్లో మందును పక్కన పెట్టేశారు. 1989లో అమెరికా ఆమోదించినప్పుడు రక్తపరీక్ష షరతుతోనే ఆమోదించింది. ఈ ప్రమాదం నూటికి ఒక్కరిలోపే. అందులోనూ ఎక్కువ భాగం మొదటి 18 వారాల్లోనే ఎదురవుతుంది. అందుకే తొలి నెలల్లో వారం వారం పరీక్ష, ఆ తర్వాత రెండు వారాలకు, ఏడాది దాటాక నెలకొకటి అన్న పద్ధతి స్థిరపడింది. పడిపోతున్న సంఖ్యను ముందే పట్టుకుని మందు ఆపితే, రోగి చాలావరకు కోలుకుంటాడు.

ఆ పరీక్ష ఏమంత గొప్పది కాదు. ఏ ఊరి ల్యాబ్‌లోనైనా చేసే సీబీపీయే. చిక్కంతా చదవడంలోనే. రిపోర్టు చేతికి రాగానే మన కళ్లు హిమోగ్లోబిన్ మీదికి, డెంగీ రోజుల్లో అయితే ప్లేట్‌లెట్ల మీదికి పోతాయి. క్లోజపైన్ వాడే మనిషి రిపోర్టులో చూడాల్సినవి వేరే రెండు గడులు: మొత్తం తెల్ల కణాలు, వాటిలో న్యూట్రోఫిల్స్ శాతం. మొత్తం 5,200 ఉండి న్యూట్రోఫిల్స్ 62 శాతమైతే అసలు సంఖ్య 3,224. నిశ్చింతగా ఉండొచ్చు. మొత్తం 2,800, శాతం 40 అయితే 1,120. అంటే 1,500 కన్నా తక్కువ, అదేరోజు డాక్టరుకు ఫోన్ చేయాల్సిన సంఖ్య. 1,000 కంటే దిగితే మందు ఆపి ఆస్పత్రిలో చూపించాల్సిందే. ఈ లెక్క పదో తరగతి చదివిన చెల్లెలు కూడా వేయగలదు. ఆమెకు ఎవరైనా ఒకసారి కాగితం మీద వేసి చూపించాలి, అంతే. మన ఓపీల్లో ఆ ఐదు నిమిషాలు ఎవరి దగ్గరా లేవు.

వానాకాలం వస్తే మన పల్లెల్లో ఇంటికొక జ్వరం. క్లోజపైన్ వాడుతున్న కుర్రాడికి జ్వరం వస్తే ముందుగా వెళ్లేది ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికే. వైరల్ ఫీవర్ అని ఒక ఇంజెక్షను, పారాసిటమాల్, వీలైతే సిప్రోఫ్లాక్సాసిన్ ఐదు రోజులకు. ఇక్కడ ప్రమాదాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఆ జ్వరమే తెల్లకణాలు పడిపోయాయనడానికి గుర్తు కావచ్చు. మందు మొదలైన తొలి నెలల్లో అయితే గుండె కండరం వాపు కూడా కావచ్చు. ఇక సిప్రోఫ్లాక్సాసిన్, కాలేయంలో క్లోజపైన్‌ను విరిచే ఎంజైమును అడ్డుకుని, రక్తంలో మందు పాళ్లు పెంచేస్తుంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్ కూడా ఒంటరిగానే ఆ పని చేయగలదు. మనిషి మత్తుగా పడుకుంటే జ్వరం నీరసం అనుకుంటారు. మూర్ఛ వచ్చాక గానీ అసలు సంగతి బయటపడదు. ఆ ఆర్‌ఎంపీకి క్లోజపైన్ పేరైనా తెలియకపోవచ్చు. రోగి జేబులో ‘నేను ఈ మందు వాడుతున్నాను, జ్వరం వస్తే ముందు సీబీపీ చేయించండి’ అని తెలుగులో రాసిన కార్డు ఒకటి ఉంటే చాలు.

బీడీ కథ దీనికి తిరగేసినది. పొగలోని రసాయనాలు అదే ఎంజైమును ఉరకలెత్తించి మందును తొందరగా ఖర్చు చేస్తాయి. రోజుకు కట్ట బీడీలు కాల్చే మనిషిని వార్డులో చేర్చి ఒక్కసారిగా మాన్పిస్తే, అదే మోతాదు వారం రోజుల్లో అతనికి ఎక్కువైపోతుంది. బీడీ మానడం మంచిదే. కానీ మానాడన్న కబురు డాక్టరుకు ఆ రోజే చేరాలి.

అందరూ రక్తం గురించే భయపడతారు గానీ, కడుపు గురించి ఎవరూ అడగరు. ఈ మందు పేగుల కదలికను నెమ్మదింపజేస్తుంది. విరేచనం రోజుల తరబడి ఆగి, పేగు మూసుకుపోయి మనుషులు చనిపోయారు. 2020 జనవరిలో ఎఫ్‌డీఏ ఈ హెచ్చరికను మరింత గట్టిగా ఇచ్చింది. మన దగ్గర దీనికి తోడు వణుకుకని రాసే ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర కూడా అలవాటుగా నడుస్తుంది, అది మలబద్ధకాన్ని ఇంకా పెంచుతుంది. ఎదిగిన కొడుకును ‘నిన్న దొడ్డికి వెళ్లావా’ అని అమ్మ అడగదు, సిగ్గు. డాక్టరూ అడగడు, తొందర. తలదిండు తడిసేంతగా చొంగ కారుతోందని మాత్రం ఇంట్లోవాళ్లు చెబుతారు, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది. ప్రాణం మీదికి తెచ్చేది కనిపించనిదే.

ఇవన్నీ చదివి ‘ఇంత ప్రమాదమైన మందు మాకెందుకు’ అని ఎవరైనా అనుకుంటే నా మాట తలకిందులైనట్టే. ఫిన్లాండులోనే దేశవ్యాప్త రికార్డులను పరిశీలించి 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, స్కిజోఫ్రేనియా మందులన్నింటిలో క్లోజపైన్ వాడినవారిలోనే మరణాలు అతి తక్కువగా కనిపించాయి. మందు వల్ల జరిగే నష్టం కన్నా మందు అందకపోవడం వల్ల జరిగే నష్టం పెద్దది. గాలి సోకిందని దర్గాలు, గుళ్లు తిరిగి కొన్నేళ్లు, పనిచేయని మాత్రలు మార్చి మార్చి మరికొన్నేళ్లు పోతాయి. పరీక్షల బాదరబందీ ఎందుకని డాక్టర్లే వెనకాడితే ఇంకొన్ని. ముప్ఫై ఐదేళ్ల వయసులో ఈ మందు మొదలై మాటలో పడ్డ మనిషిని చూసినప్పుడు, ఇది ఇరవై ఐదులోనే ఎందుకు ఇవ్వలేదన్న ప్రశ్న ఆ తల్లిదండ్రులు వేయకపోయినా మనం వేయాలి.

కావలసిన సరంజామాలో చాలావరకు ఇప్పటికే ఉంది. తెలంగాణలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీసిన రక్తనమూనా టీ-డయాగ్నొస్టిక్స్ ల్యాబుకు వెళ్లి ఫలితం ఫోనుకు వస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచిత పరీక్షలున్నాయి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉంది. 14416 నంబరుతో టెలి మానస్ ఉంది. లేనిదల్లా వీటి మధ్య ముడి. ఎర్రగడ్డలోనో విశాఖలోనో మందు మొదలుపెట్టిన రోగి పేరు అతని మండలంలోని ఏఎన్‌ఎం జాబితాలోకి ఎక్కాలి. వారం వారం రక్తం అక్కడే తీయాలి. సంఖ్య తగ్గితే కబురు నేరుగా రాసిన డాక్టరుకు వెళ్లాలి. ఉట్నూరు నుంచో పాడేరు నుంచో ప్రతి వారం ఒక సీబీపీ కోసం కూలి పోగొట్టుకుని పట్నం రమ్మంటే ఎవరు వస్తారు? నాలుగో వారానికి మానేస్తారు. ఆ తప్పు వాళ్లది కాదు.

ఇంకొక సంగతి మందుల కొనుగోలు అధికారులు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. క్లోజపైన్ రెండు రోజులకు మించి ఆగితే పాత మోతాదు నేరుగా మళ్లీ వేసుకోకూడదు. 300 మిల్లీగ్రాములు వాడే మనిషి కూడా 12.5 నుంచి మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ రావాలి. లేకపోతే రక్తపోటు పడిపోవచ్చు, స్పృహ తప్పవచ్చు, మూర్ఛ రావచ్చు. ఈలోగా పాత గొంతులు తిరిగొస్తాయి, ఒక్కోసారి ముందుకన్నా ఉధృతంగా. కాబట్టి ‘స్టాకు లేదు, సోమవారం రండి’ అని జిల్లా ఆస్పత్రి కౌంటరు దగ్గర శుక్రవారం చెప్పే మాటతో కొన్ని వారాల చికిత్స మళ్లీ మొదటికి వస్తుంది. కనీసం రెండు నెలల నిల్వ లేకుండా ఈ మందు ఏ జిల్లాలోనూ మొదలుపెట్టకూడదన్న ఒక్క ఉత్తర్వు రెండు ప్రభుత్వాలూ ఇవ్వగలవు. దానికి కొత్త బడ్జెట్ పద్దు కూడా అక్కర్లేదు.