చదరపు మీటరు బురద

మస్కట్‌లో పెరుగుతున్న మన పిల్లల్ని ఖుర్మ్ అంటే ఏమిటని అడిగి చూడండి. పార్కనో బీచ్ అనో చెప్తారు. అరబ్బీలో ఆ మాటకి మడచెట్టు అని అర్థం. నగరం మధ్యలో ఉన్న ఆ మడ అడవిని 1975లోనే రక్షిత ప్రాంతం చేశారు. అక్కడున్న అవిసెన్నియా మరీనా మన కాకినాడ పక్కన కోరింగలోనూ పెరుగుతుంది.

బడుల్లో సైన్సు ట్రిప్పులకి లోటేం లేదు. బస్సు దిగుతారు, చెప్పింది వింటారు, గ్రూప్ ఫోటో దిగుతారు, ఇంటికొచ్చి నెట్‌లో చూసి రిపోర్టు రాస్తారు. చాలా ట్రిప్పులు ఇంతే. దాన్ని షికారు అంటే సరిపోతుంది.

నేను అడిగేది చిన్న పని. అనుమతి తీసుకుని, ఆ అడవి అంచున చదరపు మీటరు బురద చుట్టూ తాడు కట్టించండి. బురదలో గాలి ఆడదు కాబట్టి మడచెట్టు వేళ్ళు పెన్సిళ్ళలా పైకి పొడుచుకొస్తాయి. వాటిని లెక్కపెట్టమనండి. పీతల బొరియలు లెక్కపెట్టమనండి. ఆకు మీద పేరుకున్న ఉప్పుని వేలితో అద్ది రుచి చూడమనండి. ఉప్పునీళ్ళు తాగే చెట్టు ఎక్కువైన ఉప్పుని ఎటు పంపిస్తోందో నాలుకకే తెలుస్తుంది. ఒకే బురదకి రెండు జట్లు రెండు లెక్కలు చెప్తాయి. తేడా ఎందుకొచ్చిందని వాళ్ళు వాదించుకున్నారంటే సైన్సు మొదలైనట్టే.

ఎండ, పరీక్షలు, సిలబస్ అంటారు. డిసెంబరు, జనవరి నెలల్లో మస్కట్ ఉదయాలు హాయిగానే ఉంటాయి. ఆవరణ వ్యవస్థలు ఎలాగూ సిలబస్‌లో ఉన్నవే. పిల్లల లెక్కలు ఎవరిక్కావాలి అనేవాళ్ళూ ఉంటారు. 2007 జూన్‌లో గోను తుఫాను మస్కట్‌ని ముంచెత్తింది. అంతకు ముందు పదేళ్ళపాటు ఏదైనా బడి ఏటా అదే చోట లెక్కపెట్టి ఒక నోటుబుక్కులో రాసుకుని ఉంటే, తుఫాను ఏం తీసుకుపోయిందో, ఎన్నేళ్ళకి మళ్ళీ మొలిచిందో ఆ పిల్లలే చెప్పగలిగేవాళ్ళు. మళ్ళీ తుఫాను రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు కదా!

గల్ఫ్‌లో మన బతుకు వీసా ఉన్నన్నాళ్ళే. పన్నెండో తరగతి అవగానే పిల్లల్లో చాలామంది ఇండియాకో మరో దేశానికో వెళ్ళిపోతారు. పుట్టి పెరిగిన ఊరి గురించి వాళ్ళు సొంతంగా తెలుసుకున్నది ఒక్కటైనా ఉండొద్దూ? ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్ళినప్పుడు మార్కులతోపాటు ఈ సంగతి కూడా అడగండి. ఒక తాడు, ఒక నోటుబుక్కు, ఏడాదికో పొద్దుటిపూట. ఖర్చు అంతే.