సాయంత్రం గండం దాటించే గాలం!

మందు మానేసిన మనిషికి పగలు పనుంటుంది. రాత్రి నిద్ర ఉంటుంది. గండమల్లా సాయంత్రమే! ఏళ్ల తరబడి అదే వేళకు, అదే దారిలో, అదే దుకాణానికి నడిచిన కాళ్లు... ఒక్కసారిగా ఆగమంటే ఆగుతాయా? అందుకే ‘ఏం మానాలి’ అన్నదొక్కటే సరిపోదు. ‘ఆ వేళకు ఏం చేయాలి’ అన్నదీ ముఖ్యమే.

కొన్ని దేశాల్లో దీనికి దొరికిన సమాధానాల్లో ఒకటి... చేపల వేట! ఈకలు, దారాలతో పురుగులాంటి ఎర తయారుచేసి, గాలానికి కట్టి, నీటిమీద తేలికగా వాలేలా విసరడాన్ని ‘ఫ్లై ఫిషింగ్’ అంటారు. అమెరికాలో గాయపడిన సైనికుల కోసం ‘ప్రాజెక్ట్ హీలింగ్ వాటర్స్’ అనే సంస్థ 2005లో దీన్నే ఊరటమార్గంగా ఎంచుకుంది. వ్యసనాల నుంచి కోలుకుంటున్నవారినీ అక్కడ ఇలా ఏటి ఒడ్డుకు తీసుకెళ్తున్నారు. ఎర కట్టడానికి చేతులు నిలకడగా ఉండాలి. విసరడానికి ధ్యాస కుదరాలి. ఆపైన కావలసిందంతా ఓపికే!

మూతపడ్డ దుకాణాలు... మిగిలిన మనిషి

తాగుడు సంగతి నెల్లూరుకు ఒకరు చెప్పనక్కర్లేదు. అక్షరాలు దిద్దుకోవడానికి రాత్రిబడికి వెళ్లిన దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1992లో జిల్లా అంతటా మహిళలు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు... తర్వాతి చరిత్ర. దుకాణం మూయించడం ఊరంతా కలిస్తే అయ్యే పని. మళ్లీ తెరిచిన దుకాణం ముందునుంచి మనిషి తలదించుకుని దాటిపోవాలంటే మాత్రం... ఆ పోరాటం ఎవరికి వారిదే. ఇంట్లోవాళ్లు తోడుండగలరంతే!

2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవారు సుమారు 16 కోట్లు. తాగుడు సమస్యగా మారి సాయం అవసరమైనవారు 5.7 కోట్ల పైమాటే!

అల లేస్తుంది... విరుగుతుంది

తాగాలన్న కోరికను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త అలెన్ మార్లాట్ సముద్రపు అలతో పోల్చారు. అది లేస్తుంది, పెరుగుతుంది, విరిగిపోతుంది. ఎదురు నిలబడి కొట్లాడక్కర్లేదు. లొంగిపోనూ అక్కర్లేదు. దాటిపోయేదాకా గమనిస్తూ ఉంటే చాలు. చాలాసార్లు అరగంటలోపే అది తగ్గుముఖం పడుతుంది. మైపాడు ఒడ్డున పెరిగినవారికి ఈ మాట విడమరిచి చెప్పాలా?

గాలం పనికొచ్చేది సరిగ్గా ఆ అరగంటలోనే. చెయ్యి ఖాళీగా ఉండదు. కన్ను బెండు మీదినుంచి కదలదు. ఫ్లై ఫిషింగ్ సరంజామా నెల్లూరు తీరంలో దొరక్కపోవచ్చు. అవసరమూ లేదు. ఒక కర్ర, నైలాన్ దారం, కొక్కెం, ఎరగా చిన్న రొయ్య... బకింగ్‌హామ్ కాలువ గట్టునో, పెన్న సముద్రంలో కలిసే ఊటుకూరు వైపో కూర్చోవడానికి అంతకన్నా ఏం కావాలి? జెల్ల పడినా, పండుగప్ప పడినా ఆరోజు ఇంట్లో పులుసే! ఏమీ పడకపోయినా నష్టం లేదు. మందు లేకుండా ఒక సాయంత్రం గడిచింది. అదే ఆనాటి వేట!

అయితే వేటే బతుకుతెరువైన మత్స్యకారులకు గాలం కాలక్షేపం కాదు. పైగా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పుతీరంలో మరపడవల వేట నిషేధం. చేతినిండా ఖాళీ, జేబులో ఇబ్బంది. మానేసినవారిని ఇంట్లోవాళ్లు మరింత కనిపెట్టుకుని ఉండాల్సిన రోజులవి. వలలు బాగుచేయడం, పిల్లలకు ఈత నేర్పడం, భజన, వాలీబాల్... ఏదైనా సరే, ఆ వేళ నిండాలి.

ఇవి మరవద్దు

* గాలం మందు కాదు. రోజూ ఎక్కువగా తాగేవారు హఠాత్తుగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. ప్రాణానికే ముప్పు. వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి.

* కొత్తగా మానేసినవారిని నీళ్ల దగ్గరకు ఒంటరిగా పంపకూడదు.

* తోడు వచ్చేవారు ఎవరో చూడండి. గాలంతోపాటు సీసా కూడా వస్తే మొదటికే మోసం!

* ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట... ఈ నాలుగూ మళ్లీ తాగుడు వైపు లాగుతాయి. సాయంత్రం ఆరింటికే కడుపునిండా టిఫిన్ పెట్టడమూ చికిత్సలో భాగమే.

* ఒకసారి కాలుజారితే ‘ఇక అంతే’ అని తీర్మానించొద్దు. తిట్లకు బదులు మళ్లీ వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

దారి తెలియనివారికి కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446 ఉంది. పొరుగున చెన్నైలో శాంతి రంగనాథన్ 1980లో ప్రారంభించిన టీటీకే ఆసుపత్రి ఈ చికిత్సకు పేరుపొందింది. 1935లో అమెరికాలో పుట్టిన ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ బృందాలు మన దేశంలోనూ పనిచేస్తున్నాయి. మానేసినవారే మానాలనుకునేవారికి అండగా నిలిచే ఈ బృందాల సూత్రం చిన్నదే... ‘జన్మంతా’ అని ఒట్టు పెట్టుకోవద్దు, ‘ఈ ఒక్కరోజు’ తాగకుండా ఉంటే చాలు!