విమానం ఎగురుతుంది, మరి డబ్బు?

భూమికి 20 కిలోమీటర్ల ఎత్తున ఒక తేలికపాటి విమానం. మనం ఎక్కే విమానాలు తిరిగే ఎత్తుకు దాదాపు రెట్టింపు. పైలట్ ఉండడు. రెక్కల నిండా సోలార్ పలకలు. పగలు ఎండతో బ్యాటరీ నింపుకుని, రాత్రి దానితోనే తిరుగుతూ, నెలల తరబడి దిగకుండా కింద ఉన్న ఊళ్లకు ఇంటర్నెట్ ఇస్తుంది. సెల్ టవర్‌ని తీసుకెళ్లి మేఘాల పైన నిలబెట్టినట్టన్నమాట. వినడానికి ఎంత బాగుందో!

ఈ పని మీదే చిన్న కంపెనీ పెట్టిన నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు "ఐదు లక్షలు పెట్టరా, షేర్లిస్తాం" అంటున్నాడు. అది నా మూడేళ్ల పొదుపు. వాడు మోసగాడు కాదు, మా బ్యాచ్‌లో అందరికంటే తెలివైనవాడు. చిక్కంతా అక్కడే. మోసగాడికైతే ఒక్క మాటలో వద్దని చెప్పేయొచ్చు. ఇలాంటి పిలుపు మీకూ రావచ్చు కాబట్టి, నేను వేసుకున్న లెక్క చెబుతాను.

మొదటి ప్రశ్న, ఎగురుతుందా? ఎగురుతుంది. ఎయిర్‌బస్ వాళ్ల జెఫైర్ 2022లో ఏకంగా 64 రోజులు గాల్లోనే ఉంది. మన బెంగళూరు నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ కూడా 2024లో చిత్రదుర్గ జిల్లాలో ఇలాంటి విమానం చిన్న నమూనాను ఎగరేసింది.

రెండో ప్రశ్న, ఎంత బరువు మోస్తుంది? జెఫైర్ రెక్కల పొడవు 25 మీటర్లు. మొత్తం బరువు 75 కిలోలే! ఇప్పుడు 500 వాట్లు తినే రేడియో పరికరం పెట్టామనుకోండి. 12 గంటల రాత్రికి 6 యూనిట్ల కరెంటు కావాలి. మంచి బ్యాటరీ అయితే కిలోకి సుమారు పావు యూనిట్ దాచుకుంటుంది. అంటే రేడియో కోసమే 24 కిలోల బ్యాటరీ. ప్రొపెల్లర్ తిప్పడానికి మళ్లీ వేరే. అది మోయాలంటే విమానం పెద్దది కావాలి. విమానం పెరిగితే ఖర్చూ పెరుగుతుంది.

మూడో ప్రశ్న, డబ్బున్న వాళ్లకేమైంది? ఫేస్‌బుక్ తయారుచేసిన అక్విలా 2016 జూన్‌లో మొదటిసారి గంటన్నర ఎగిరింది. దిగబోతుండగా రెక్క దెబ్బతింది. 2018కల్లా సొంత విమానం ఆలోచనే మానుకున్నారు. గూగుల్ 2014లో టైటన్ అనే సోలార్ విమానాల కంపెనీని కొంది. మూడేళ్లు తిరిగేలోగా ఆ పని ఆపేసింది. బెలూన్లతో ఇంటర్నెట్ ఇస్తామన్న లూన్‌లో సాఫ్ట్‌బ్యాంక్ అనుబంధ సంస్థ 2019లో 12.5 కోట్ల డాలర్లు పెట్టింది. రెండేళ్లు నిండకుండానే, 2021 జనవరిలో, లూన్‌ను మూసేస్తున్నట్టు ప్రకటించారు.

అలాగని టెక్నాలజీ వృథా కాలేదు. బెలూన్ల మధ్య డేటా పంపడానికి లూన్ వాళ్లు వాడిన కాంతి కిరణాల పద్ధతినే నేల మీదికి తెచ్చి, 2,000 లింకుల కోసం 2017లో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఆ పని ఇప్పుడు తారా అనే విడి కంపెనీగా నడుస్తోంది. నాకు అర్థమైందిదే. టెక్నాలజీ బతకడం వేరు, అందులో మనం పెట్టిన డబ్బు బతకడం వేరు.

పైగా పోటీ ఊరుకోదు. స్టార్‌లింక్ ఉపగ్రహాలు ఇప్పటికే వేలల్లో తిరుగుతున్నాయి. 2025లో మన దేశంలో లైసెన్సు కూడా వచ్చింది. జెఫైర్‌ను నడిపే ఆల్టోలో 2024లో జపాన్ సంస్థలు 10 కోట్ల డాలర్లు పెట్టాయి నిజమే. కానీ వాళ్లలో డొకోమో అనే టెలికాం కంపెనీ ఉంది. రేపు ఆ సర్వీసు వాడుకునేదీ వాళ్లే. మనం అలా కాదు కదా!

ఇక వాటా సంగతి. ఈరోజు మీకు ఒక శాతం వచ్చిందనుకోండి. ఇలాంటి కంపెనీకి మళ్లీ మళ్లీ డబ్బు కావాలి. మూడుసార్లు 20 శాతం చొప్పున కొత్తవాళ్లకు ఇస్తే మీకు మిగిలేది అర శాతం. కంపెనీ నష్టానికి అమ్ముడుపోతే, వెనక వచ్చిన పెద్ద ఇన్వెస్టర్లు తమ డబ్బు ముందు తీసుకునేలా ఒప్పందాల్లో రాసుకోవడం మామూలే.

మావాణ్ని రెండే అడిగాను. "డబ్బు కట్టే కస్టమర్ ఎవరు? చేతిలో ఉన్నది ఎన్ని నెలలొస్తుంది?" మొదటిదానికి "మాట్లాడుతున్నాం" అన్నాడు. రెండోదానికి "తొమ్మిది నెలలు" అన్నాడు. దాచకుండా చెప్పాడు, అది నాకు నచ్చింది. ఐదు కాదు, ఒక లక్ష ఇస్తానన్నాను. లక్ష పోతే బాధపడతాను గానీ వాడితో మాట్లాడటం మానను. ఐదు పోతే ఏమో, ఆ మాట ఇవ్వలేను.

మీరూ పెట్టాలనుకుంటే ఒక్క జాగ్రత్త. కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ తన షేర్లను ప్రకటనలిచ్చి ఊరందరికీ అమ్మకూడదు. పేరుపేరునా ఆఫర్ లెటర్ ఇవ్వాలి, డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోవాలి, 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. "ముందు ఫోన్‌పే చెయ్యి, కాగితాలు తర్వాత చూద్దాం" అంటే, అన్నది ఎంత ప్రాణస్నేహితుడైనా ఆగండి. కాగితాలు సరిగ్గా ఉంటే రేపు డబ్బు పోయినా స్నేహం మిగులుతుంది.