ఇల్లు చాలని చెప్పిన కలం

ఆడదానికి ఇల్లు చాలునని మగవాళ్లు చెబితే మనకి కొత్త కాదు. అదే మాట ఒక స్త్రీ, అదీ బాగా చదువుకున్నావిడ, నలభై ఏళ్లపాటు పత్రికల్లో కాలమ్‌గా రాస్తే? అమెరికాలో ఫిలిస్ ష్లాఫ్లీ రాశారు.

1924లో సెయింట్ లూయిస్‌లో పుట్టారావిడ. తండ్రి ఉద్యోగం పోతే తల్లే సంపాదించి ఇల్లు నడిపింది. ఫిలిస్ తూటాల ఫ్యాక్టరీలో రాత్రిపూట పనిచేసి చదువుకున్నారు. ఆరుగురు పిల్లల్ని కన్నారు. 1976 నుంచి 2016లో కన్నుమూసేదాకా కాలమ్ రాశారు.

స్త్రీపురుష సమాన హక్కుల రాజ్యాంగ సవరణను 1972లో అమెరికా కాంగ్రెస్ ఆమోదించింది. 38 రాష్ట్రాలు ఒప్పుకుంటేనే అది అమలవుతుంది. భార్యను పోషించే బాధ్యత భర్తకి తప్పిపోతుందని, ఆడపిల్లల్ని యుద్ధానికి పంపుతారని ఫిలిస్ ప్రచారం చేశారు. గృహిణులు ఇంట్లో చేసిన రొట్టె, జామ్ పట్టుకెళ్లి శాసనసభ్యులకిచ్చి, వద్దని చెప్పొచ్చారు. 1982లో గడువు ముగిసేసరికి లెక్క 35 దాటలేదు.

ఆ గృహిణుల భయాన్ని చూసి నవ్వలేం. జీతం లేని చాకిరీ చేసే మనిషికి రేపెలా అన్న బెంగ ఉండదా? సమానత్వం కోరేవాళ్లు ఆ బెంగ తీర్చాలి.

అయితే ఫిలిస్ స్వయంగా రెండుసార్లు కాంగ్రెస్‌కి పోటీచేసి ఓడారు. యాభై దాటాక లా చదివి, 1978లో పట్టా తీసుకున్నారు. ఊరూరా ఉపన్యాసాలిచ్చారు. ఆవిడకి ఇల్లొక్కటే సరిపోలేదు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే, తను అనుభవించిన ఆ వీలు ప్రతి ఆడపిల్లకీ ఉండాలి కదా! ఇంట్లో ఉండడమా, బయటికెళ్లడమా అన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి. కాలమ్ రాసేవాళ్లు కాదు.