దళారి తొలగితే కులం తొలగుతుందా?

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో వారాంతపు సేంద్రియ సంతలు నేడు కొత్త విషయం కాదు. చిన్న రైతు రసాయనాలు లేకుండా పండించాలని, తన పంటను తానే తెచ్చి, తానే ధర చెప్పి అమ్ముకోవాలని ప్రభుత్వాలు, స్వచ్ఛంద సంస్థలు, వ్యవసాయ నిపుణులు ఏకకంఠంతో చెబుతున్నారు. ఎకరం, రెండెకరాల కమతం నిలదొక్కుకోవడానికి ఇది మంచి దారి అన్న వాదనతో నాకు పేచీ లేదు. రెక్కల కష్టంలో సింహభాగం కమీషను వ్యాపారి కాటాలో కరిగిపోతున్నప్పుడు దళారిని తొలగించాలనడం న్యాయమే. అయితే పండించిన మనిషి ముఖం కనిపించినప్పుడు ఆ మనిషి పేరు, ఊరు, వాడ కూడా కనిపిస్తాయి. మన దేశంలో వాడ తెలియడమంటే కులం తెలియడమే. నేరుగా అమ్మకం గురించి ఇంత మాట్లాడుతున్నవారు ఈ సంగతి దగ్గర మాత్రం మౌనం పాటిస్తున్నారు.

మార్కెట్ యార్డులో రాశి పోసిన ధాన్యానికి కులం ఉండదు. అక్కడ తూకంలో మోసం ఉంది, ధరలో దోపిడీ ఉంది, తేమ పేరుతో తరుగు ఉంది. కానీ దళిత రైతు వడ్లు, భూస్వామి వడ్లు ఒకే లారీలో ఒకే మిల్లుకు పోతాయి. యార్డు దళితుణ్ణి రైతుగా దోచుకుంటుంది. ఊరి సంత అతణ్ణి దళితుడిగా నిలిపివేస్తుంది. గ్రామీణ భారతంలో అంటరానితనంపై ఘనశ్యామ్ షా, సుఖదేవ్ థోరట్ తదితరులు 2006లో వెలువరించిన అధ్యయనం ఈ రెండవ అనుభవాన్ని నమోదు చేసింది. ఆంధ్రప్రదేశ్ సహా 11 రాష్ట్రాలలో 565 గ్రామాలను వారు పరిశీలించారు. మూడోవంతుకు పైగా గ్రామాలలో దళితులు స్థానిక సంతలో తమ సరుకు అమ్ముకోలేకపోతున్నారని, పాల సహకార సంఘాలున్న గ్రామాలలో దాదాపు సగం చోట్ల వారి పాలు పోయించుకోవడం లేదని అందులో తేలింది.

నాకు ఈ లెక్కలు చదవకముందే ఈ నిజం తెలుసు. మా వాడలో పండిన వంకాయలు, బెండకాయలు మా ఊరిలో అమ్ముడయ్యేవి కావు. మా ఆడవాళ్ళు తెల్లవారకముందే గంపలెత్తుకొని పట్నం మార్కెట్టుకు నడిచేవారు. అక్కడ ధర తక్కువ. కానీ ఇంటిపేరు అడిగేవారుండరు. ఆ నడకను కులం వసూలు చేసిన సుంకంగానే నేను లెక్కిస్తాను. నేటి నేరు అమ్మకపు పద్ధతులు మళ్ళీ ఆ ఇంటిపేరునే సరుకు మీద అంటించమంటున్నాయి.

చట్టం ఏమి చేయగలదు? ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఆర్థిక బహిష్కరణను నేరంగా పేర్కొంది. ఊరంతా కట్టుబాటు చేస్తే కేసు పెట్టవచ్చు. కానీ ఒక్కొక్క కొనుగోలుదారు ఒక్కొక్కరుగా పక్క దుకాణానికి నడిచిపోతే ఏ సెక్షను పట్టుకుంటుంది? 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో దళిత మహిళ వండిన మధ్యాహ్న భోజనాన్ని అగ్రకుల విద్యార్థులు తినడానికి నిరాకరించిన ఉదంతం మనకు తెలిసినదే. అన్నం దగ్గరికి వచ్చేసరికి కులం ఎంత మేల్కొని ఉంటుందో చెప్పడానికి అది చాలు. సేంద్రియ ఆహారాన్ని 'స్వచ్ఛత', 'పవిత్రత' అనే మాటలతో అమ్మే ధోరణి పెరుగుతున్న కొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది. రసాయనం లేని శుద్ధికి, అంటు లేని శుద్ధికి మధ్య గీత మన సమాజంలో చాలా పలుచన.

ఇక భూమి సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో షెడ్యూల్డు కులాలవారు 16.6 శాతం. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం వారి చేతిలో ఉన్న సాగు విస్తీర్ణం 9 శాతం లోపే. ఉన్న కొద్దిపాటి భూమిలో అధికభాగం వానాధారం. మిగిలినవారు కూలీలు, కౌలుదారులు. సేంద్రియ ధ్రువీకరణ నిబంధనల ప్రకారం ఏడాది పంటలు వేసే నేల మారడానికి రెండేళ్ళు, తోటలకు మూడేళ్ళు పడుతుంది. ఏడాదికోసారి నోటిమాట మీద కౌలుకు చేసే మనిషి ఎవరి నేలను బాగుచేస్తాడు? అతడు ఎరువు తోలి, జీవామృతం పోసి నేలకు ప్రాణం పోసిన తరువాత యజమాని కౌలు పెంచుతాడు, లేదా చేను వెనక్కి తీసుకుంటాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి చట్టం భూయజమాని అంగీకారంతో నిమిత్తం లేకుండా కౌలుదారుకు గుర్తింపు ఇవ్వజూసింది. 2019 నాటి చట్టం దాన్ని యజమాని సంతకానికి ముడిపెట్టి, గడువును 11 నెలలకు కుదించింది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు కౌలురైతును లెక్కలోకే తీసుకోలేదు. ప్రకృతి సేద్యం గురించి ప్రసంగించేవారు ఈ చట్టాల గురించి ఎందుకు మాట్లాడరని నేను అడుగుతున్నాను.

చిన్న కమతం గురించి మనకంటే శతాబ్దం ముందే అంబేద్కర్ ఆలోచించారు. 1918లో భారతదేశపు చిన్న కమతాలపై ఆయన రాసిన వ్యాసంలో, కమతం గిట్టుబాటవుతుందా లేదా అన్నది దాని విస్తీర్ణం ఒక్కటే తేల్చదని వాదించారు. భూమికి తగిన పాళ్ళలో పెట్టుబడి, పనిముట్లు, శ్రమ సమకూడుతున్నాయా అన్నదే ఆయన ప్రశ్న. ఆ జాబితాకు నేడు మనం మార్కెట్టును చేర్చాలి. నగరంలో బంధువర్గం, సొంత వాహనం, ఆంగ్లంలో మాట్లాడగల కొడుకు ఉన్న పదెకరాల ఆసామికి నేరు అమ్మకం సులువు. అవేవీ లేని ఎకరం దళిత స్త్రీకి అదే సంత పరాయి దేశం.

అయినా దారి లేకపోలేదు. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలో కూడిన పేద స్త్రీలు, అత్యధికులు దళితులు, ఆ దారి వేసి చూపించారు. బీడుపడిన ఎర్ర చెలకలలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది కలిపి పండించారు. విత్తనం కొనలేదు, ఇంట్లో బుట్టల్లో దాచుకున్నారు. 1990ల మధ్యలో ముప్పైకి పైగా గ్రామాలలో బీళ్ళను సాగులోకి తెచ్చి, అప్పును జొన్నల రూపంలో తీర్చి, ఆ జొన్నలను ఊళ్ళోనే నిల్వచేసి, కరువు నెలల్లో పేద కుటుంబాలకు చౌకగా పంచారు. తమ పంట నాణ్యతకు తామే పరస్పరం హామీ పడే పద్ధతిని నిర్మించారు. జహీరాబాద్‌లో సొంత అంగడి తెరిచారు. 2008 నుంచి సంగం రేడియో నడిపారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి వారికి దక్కింది. ఒంటరి దళిత స్త్రీ గంపను తిరస్కరించినంత తేలికగా సంఘం అంగడిని తిరస్కరించడం కుదరదు. దళారి పోయిన చోట సంఘం నిలబడింది గనుకనే అది సాధ్యమైంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. నిన్నటిదాకా 'మాలమాదిగల తిండి' అని ఈసడించిన జొన్న, కొర్ర నేడు 'సిరిధాన్యాలు' అయ్యాయి. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ధాన్యానికి గౌరవం వచ్చింది. దాన్ని కాపాడిన చేతులకు వచ్చిందా? ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2024లో గుల్బెంకియన్ బహుమతి పొందింది. మహిళా సంఘాల ఆధారంగా విస్తరించిన ఆ కార్యక్రమంలో భూమిలేని దళిత స్త్రీ వాటా ఎంతో కులాలవారీగా లెక్క చెప్పాలని కోరడం తప్పు కాదు.

కనుక నా ప్రతిపాదనలు స్పష్టం. సేంద్రియ సాగులోకి మారే కౌలుదారుకు యజమాని సంతకంతో పనిలేకుండా కనీసం మూడేళ్ళ హక్కు ఇవ్వాలి. సాంఘిక సంక్షేమ వసతిగృహాలు, అంగన్‌వాడీలు, మధ్యాహ్న భోజన పథకం తమకు కావలసిన పప్పులు, చిరుధాన్యాలు, కూరగాయలలో నిర్ణీత వాటాను దళిత, ఆదివాసీ మహిళా సంఘాల నుంచి కొనాలి. ప్రభుత్వం కొనుగోలుదారుగా నిలిచిన చోట కులం ముఖం తిప్పుకోవడం కష్టం. 1999 నుంచి నడుస్తున్న రైతు బజార్లలో ఈ సంఘాలకు దుకాణాలు కేటాయించాలి. 2013 ఉపప్రణాళిక చట్టం కింద, తెలంగాణలో దాని స్థానంలో 2017లో వచ్చిన చట్టం కింద ఇందుకు నిధులు కేటాయించడానికి అవకాశం ఉంది, కొరవడింది సంకల్పమే.

సేంద్రియ సంతలలో స్వచ్ఛందంగా పనిచేస్తున్న విద్యార్థి మిత్రులకు ఒక మాట. కూరగాయలో మందు అవశేషాలున్నాయా అని అడగడం మంచిదే. వచ్చేవారం ఆ దుకాణాల వరుసను మరొకసారి చూసి, అందులో ఏ వాడలవారు ఉన్నారో, ఏ వాడలవారు లేరో కూడా అడగండి.